సర్వర్ గదిలో గాలి నడక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా కార్యాలయంలో ఎనిమిది ర్యాకుల (సర్వర్లను ఒకదాని మీద ఒకటి బిగించే బీరువాల్లాంటి చట్రాల) సర్వర్ గది ఉంది. నాలుగేసి ర్యాకులు రెండు వరుసలుగా, అన్నీ ఒకే దిక్కుకు ముఖం పెట్టి ఉన్నాయి. రైజ్డ్ ఫ్లోర్ (అసలు నేలకు కొంత ఎత్తున పలకలతో పరిచిన నేల) కింది నుంచి చల్లని గాలి పంపే ఏసీలు రెండున్నాయి. వాటిని 18 డిగ్రీల దగ్గర పెట్టినా రెండో వరుసలోని పై సర్వర్లు వేడెక్కి హెచ్చరికలు ఇస్తూనే ఉన్నాయి. వేసవి రాకముందే మూడో ఏసీ కొనాలని మా పైవారు అంటున్నారు. అది అవసరమేనా?
– ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: మూడో ఏసీ మాట తరువాత చూడవచ్చు. ముందుగా ప్రతి ర్యాకు ముందు భాగంలో కింద, మధ్యన, పైన ఉష్ణోగ్రతలు కొలిచి రాసుకోండి. కింద 18, పైన 30 కనబడితే గదిలో చల్లని గాలి తయారవుతూనే ఉందనీ, అది పై సర్వర్లకు చేరేలోపు వేడి గాలితో కలిసిపోతోందనీ అర్థం. మీరు రాసిన అమరికను బట్టి మాకు ఇదే అనుమానంగా ఉంది.

సర్వర్ ముందు నుంచి గాలి పీల్చి వెనుక నుంచి వదులుతుంది. అన్ని ర్యాకులూ ఒకే వైపు చూస్తున్నప్పుడు మొదటి వరుస వదిలిన వేడి గాలే రెండో వరుసకు పీల్చుకునే గాలి అవుతుంది. ఈ చిక్కును తప్పించడానికే 1990ల తొలినాళ్ళలో ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ సల్లివన్ సూచించిన పద్ధతి వాడుకలోకి వచ్చింది. అందులో రెండు వరుసలు ఎదురెదురుగా ముఖం పెట్టుకుంటాయి. వాటి మధ్య నడవలోనే నేలకు చిల్లుల టైళ్ళు వేసి చల్లని గాలి ఇస్తారు, దాన్ని కోల్డ్ ఐల్ అంటారు. ర్యాకుల వెనుక భాగాలు తిరిగి ఉన్న నడవ హాట్ ఐల్. అక్కడ చిల్లుల టైలు ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇక గాలి పరిమాణం సంగతి. ఒక కిలోవాట్ విద్యుత్తు వాడే సర్వర్లు గాలిని పది డిగ్రీలు వేడెక్కించి వదులుతాయనుకుంటే, వాటికి గంటకు సుమారు 300 ఘనపు మీటర్ల గాలి కావాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందువల్ల ఇక్కడి గాలి కాస్త పలుచన, మరో ఐదారు శాతం కలుపుకోవాలి. ఆ లెక్కన ఐదు కిలోవాట్ల ర్యాకుకు గంటకు దాదాపు 1,600 ఘనపు మీటర్లు అవసరం. ర్యాకు ముందున్న ఒక్క మామూలు చిల్లుల టైలు అంత గాలిని చాలాసార్లు ఇవ్వలేదు. సర్వర్ ఫ్యాన్లు మాత్రం ఊరుకోవు, తక్కువపడిన గాలిని ర్యాకు పైనుంచీ, పక్కనుంచీ, ఖాళీ అరల సందుల్లోంచీ వెనుక వైపు నుంచి లాక్కుంటాయి. కింది సర్వర్లు చల్లని గాలిని ముందే తీసేసుకుంటాయి కనుక ఆ వేడి గాలి వంతు పైవాటికి వస్తుంది.

చేయవలసిన పనుల్లో అన్నిటికన్నా చవకైనది ఖాళీ అరలకు బ్లాంకింగ్ ప్యానెళ్ళు, అంటే వాటి ముందు భాగాన్ని మూసే పలకలు, బిగించడం. ఇది ఎంత చిన్న పనో, అంత తరచుగా వాయిదా పడే పని కూడా. కేబుళ్ళ కోసం నేలలో కోసిన రంధ్రాలకు బ్రష్ ఉన్న మూతలు వేయించండి, లేకపోతే నేల కింది గాలి ఒత్తిడి అక్కడే కారిపోతుంది. ఏసీకి మరీ దగ్గరగా చిల్లుల టైలు పెట్టవద్దు. అక్కడ నేల కింద గాలి వేగం ఎక్కువ, ఒత్తిడి తక్కువ, అందుచేత గాలి సరిగా పైకి రాదు, ఒక్కోసారి గదిలోని గాలినే కిందికి లాగుతుంది. సర్వర్లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లనూ పరిశీలించండి, కొన్ని పక్క నుంచి పక్కకు గాలి పీలుస్తాయి, కొన్నింటిని వెనుకాముందు తిప్పి బిగిస్తారు. సెలవు రోజున సేవలు ఆపుకునే వీలుంటే ఒక వరుసను తిప్పించి, కోల్డ్ ఐల్ రెండు చివర్లా తలుపులు పెట్టించండి. పైకప్పు కూడా మూసేటట్లయితే మంటలార్పే గ్యాస్ నాజిళ్ళకూ స్ప్రింక్లర్లకూ అడ్డు రాకుండా అగ్నిమాపక పరికరాలు అమర్చినవారితో ముందే మాట్లాడటం తప్పనిసరి.

ఇవన్నీ అయి, పై సర్వర్ల దగ్గర ఉష్ణోగ్రత నిలకడగా కనిపించాకనే ఏసీ సెట్టింగును ఒక్కో డిగ్రీ పెంచుతూ వెళ్ళండి. సర్వర్ పీల్చుకునే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండవచ్చని ఏసీ, శీతలీకరణ రంగ ఇంజనీర్ల అమెరికన్ సంఘమైన ఆశ్రే సిఫారసు. మే నెలలో మేడ మీది అవుట్‌డోర్ యూనిట్లు 40 డిగ్రీలు దాటిన ఎండలో వేడిని వదలలేక సతమతమవుతున్నప్పుడు ఈ పెంచిన డిగ్రీలు వాటికి పెద్ద ఊరట. ఏసీ ఫ్యాన్ల వేగం తగ్గించే ఏర్పాటు ఉంటే, వేగాన్ని 20 శాతం తగ్గించినా ఫ్యాను వాడే విద్యుత్తు దాదాపు సగానికి పడిపోతుంది.

ప్రశ్న: నేను పనిచేసే డేటా సెంటర్‌లో హాట్ ఐల్‌ను మూసి ఉంచారు. వెనుక కేబుళ్ళు సర్దడానికి లోపలికి వెళితే ఉక్కిరిబిక్కిరి అవుతోంది. కోల్డ్ ఐల్‌నే మూయవచ్చు కదా?
– ఒక పాఠకురాలు, గచ్చిబౌలి

జవాబు: పాత రైజ్డ్ ఫ్లోర్ గదుల్లో కోల్డ్ ఐల్‌ను మూయడమే తేలిక. అయితే హాట్ ఐల్‌ను మూస్తే మిగతా గదంతా చల్లగా ఉంటుంది, కాబట్టి ఏసీలు ఆగిపోయినప్పుడు సర్వర్లకు మరికొంత వ్యవధి దొరుకుతుంది. మీ సంస్థ ఎంపికలో తప్పులేదు. కానీ మనిషి పనిచేసే చోటు కనుక, లోపల ఉండే సమయానికి హద్దు, మధ్యలో విరామం, తాగునీరు, బయట తోడుగా ఒకరు అనే నియమాలు రాతపూర్వకంగా ఉండాలి. వాటిని అడగడం మీ హక్కు.

ప్రశ్న: డిసెంబరు రాత్రుల్లో మన నగరం చల్లగానే ఉంటుంది కదా, కిటికీ ఫ్యాను పెట్టి బయటి గాలినే సర్వర్ గదిలోకి పంపితే?
– ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: చిన్న గదికి వద్దు. చలికాలపు రాత్రి ఉష్ణోగ్రత సరిపోయినా దుమ్ము లోపలికి వస్తుంది, వర్షాకాలంలోనైతే గాలిలో తేమ సర్వర్లకు సిఫారసు చేసిన మేరను మించిపోతుంది. పెద్ద కేంద్రాల్లో కొన్నిచోట్ల బయటి గాలిని లోపలికి రానీయకుండా, దాని చల్లదనాన్ని మాత్రమే నీటి గొట్టాల ద్వారానో ఉష్ణ వినిమయ యంత్రాల ద్వారానో తీసుకుంటారు. ప్రాజెక్టు కోసం అడిగి ఉంటే ఆ పద్ధతిని ఎంచుకోండి. ఏడాదిలో ఎన్ని గంటల పాటు మన నగరంలో అది పనికొస్తుందో వాతావరణ శాఖ ఉష్ణోగ్రతల లెక్కలతో తేల్చవచ్చు.