పాప కంటి ఆపరేషన్‌కి మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మోటార్ రివైండింగ్ షాపు, నెలకు 28 వేలు మిగులుతుంది. మా పాపకి నాలుగేళ్లు, పుట్టుకతోనే గ్లకోమా, అంటే కంట్లో ప్రెషర్ పెరిగి చూపు దెబ్బతినే జబ్బు. రెండు ఆపరేషన్లయినా ఎడమ కంట్లో ప్రెషర్ దిగలేదు. ఇప్పుడు కంట్లో నీరు బయటికి పోయేలా ట్యూబు పెట్టాలని విశాఖలో డాక్టర్‌గారు అన్నారు. అహ్మద్ వాల్వ్ ఖరీదు, మదురైలో తయారయ్యే ‘ఆడీ’ చవక అట. ఖరీదైనదే పెట్టిద్దామని మూడు రూపాయల వడ్డీకి 2 లక్షలు అడిగాను. 90 వేల ఎఫ్‌డీ, 5 తులాల బంగారం, పాప పేర సుకన్య ఖాతా, ఆయుష్మాన్ కార్డు ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ అప్పు మాట ఆపేయండి. నెలకు నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. నెలనెలా 6,000 వడ్డీకే పోతుంది, అసలు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆ ఆరు వేలు రేపు పాప కంటికి కావాలి.

చవకది పెట్టిస్తే బిడ్డకి తక్కువ చేసినట్టు అనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ ఆడీ నాసిరకం సరుకు కాదు. అరవింద్ కంటి ఆసుపత్రుల వారి ఆరోలాబ్ దాన్ని బేర్వెల్ట్ అనే విదేశీ ఇంప్లాంట్ నమూనాలో తయారు చేస్తోంది. తేడా పని చేసే తీరులో ఉంది. అహ్మద్‌కి నీటిని అదుపులో ఉంచే వాల్వ్ ఉంటుంది కాబట్టి మొదటి రోజు నుంచే కంట్లో నీరు బయటికి పోతుంది. ఆడీకి వాల్వ్ లేదు. ట్యూబుని కరిగే దారంతో బిగించి కడతారు, ఐదారు వారాలకి ఆ దారం వదులైతేనే ట్యూబు తెరుచుకుంటుంది. అందాకా డాక్టర్ చెప్పిన చుక్కల మందు తప్పదు. తెరుచుకునే రోజుల్లో ప్రెషర్ మరీ పడిపోవచ్చు కాబట్టి చెకప్‌లూ తప్పవు. ‘డబ్బు సంగతి పక్కన పెట్టండి సార్, మా పాప కంటికి ఏది నప్పుతుంది?’ అని డాక్టర్‌గారిని అడగండి. ఆయన ఏది చెబితే అదే.

ఇక కార్డు. ఒడిశాలో ఆయుష్మాన్ 2025 ఏప్రిల్ నుంచి అమలవుతోంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, పక్క రాష్ట్రంలోని ఎంప్యానెల్డ్ (పథకంలో చేరిన) ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. అడ్మిట్ కాకముందే ఆయుష్మాన్ డెస్క్‌కి వెళ్లండి. అప్రూవల్ వచ్చిందా, ఇంప్లాంట్ ఖరీదు ప్యాకేజీలో కలిసిందా అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. పాప పేరు కార్డులో ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

డిశ్చార్జ్ తర్వాత కార్డు ఖర్చు భరించేది 15 రోజులే. అసలు ఖర్చు ఆ తర్వాతే మొదలవుతుంది. పాపతో పాటు కన్నూ పెరుగుతుంది, ట్యూబు చోటు తప్పవచ్చు. ఈ వయసు పిల్లలు కదలకుండా కూర్చోరు కాబట్టి కొన్నిసార్లు మత్తు ఇచ్చే చూస్తారు. చుక్కల మందు, కళ్లద్దాలు, ఈ కన్ను పని చేసేలా రెండో కంటిని మూసే ప్యాచ్, మళ్లీ ఆపరేషన్ కూడా పడవచ్చు. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విశాఖ వెళ్లిన ప్రతిసారీ మీ షాపు మూతే. టికెట్‌తో పాటు ఆ రోజు పోయిన సంపాదననూ లెక్కలో వేసుకోండి.

అందుకే ఎఫ్‌డీలో 40 వేలు ఆపరేషన్‌కి, మొదటి రెండు నెలల రాకపోకలకి తీయండి. మిగతా 50 వేలు కదపొద్దు. కార్డు సరిపోకపోతే ఎంత తక్కువైతే అంతే బ్యాంకులో బంగారం మీద తీసుకోండి. పది శాతం వడ్డీ అనుకున్నా లక్షకి ఏడాదికి పది వేలే. సుకన్యలో డబ్బు ఇప్పుడు మామూలుగా తీయడానికి వీలుండదు, ఖాతా మూయడానికీ తొందరపడొద్దు. ఏడాదికి 250 కట్టినా అది నడుస్తుంది. అందులో వేసే మిగతా సొమ్ము పాప కంటి కోసం వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి.

ఎవరైనా ఏజెంటు జబ్బు దాచి కొత్త ఆరోగ్య బీమా పాలసీ తీసుకోమంటే వినకండి. క్లెయిమ్ రోజున అదే మీ మెడకి చుట్టుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పి తీసుకోండి. పాతజబ్బుకి మూడేళ్ల దాకా వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, పెట్టవచ్చు, దానికి సిద్ధపడండి.

ఇంకొకటి. ఇంప్లాంట్ పెట్టె మీద నంబరున్న స్టిక్కర్ ఉంటుంది. దాన్ని అడిగి తీసుకుని డిశ్చార్జ్ సమ్మరీ మీద అంటించి, పాప ఫైల్లో పెట్టుకోండి. పదేళ్ల తర్వాత ఏ ఊరి డాక్టర్ చూసినా కంట్లో ఏముందో ఆ స్టిక్కరే చెబుతుంది.