కిరాయి బండికి సొంత బండి పాలసీ సరిపోతుందా?

ప్రశ్న: వకీలు గారూ, మాది జడ్చర్ల. సెకండ్ హ్యాండులో 1200 సీసీ కారు కొన్నాను, వైట్ ప్లేటు (సొంత వాడకానిది). తెలిసినవాళ్లు ఫోను చేస్తే శంషాబాద్ విమానాశ్రయంలో దింపి వస్తున్నాను. త్వరలో ఎల్లో ప్లేటుకు (ట్యాక్సీ కిందికి) మార్చి క్యాబ్ బుకింగ్ యాప్‌లో పెట్టాలనుకుంటున్నాను. ట్యాక్సీ ఇన్సూరెన్స్ మూడింతలు అవుతుందట. ఉన్న పాలసీ గడువు తీరేదాకా అలాగే నడపమని, ఆ తర్వాత యాప్ కంపెనీయే 5 లక్షల బీమా ఇస్తుందని ఏజెంటు చెబుతున్నాడు. రాత్రిళ్లు మా బావమరిది నడుపుతాడు. ఏం చేయమంటారు?
– ఒక డ్రైవరు, జడ్చర్ల

జవాబు: ముందుగా ఆ ఏజెంటు మాట వినడం మానెయ్యి తమ్ముడూ. నీ పాలసీ కాగితం తీసి చూడు. వాహన వినియోగంపై పరిమితులు అని చిన్న అక్షరాల్లో ఒక పేరా ఉంటుంది. కిరాయికి తిప్పితే ఈ పాలసీ వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. అంటే ఎల్లో ప్లేటు సంగతి తర్వాత, ఇప్పుడు నువ్వు శంషాబాద్‌కు వేస్తున్న ట్రిప్పులకే నీకు రక్షణ లేదు.

దారిలో బండి దెబ్బతింటే బాగుచేయించే ఖర్చు కంపెనీ ఇవ్వదు. అది చిన్న నష్టం. ఎవరికైనా ప్రాణాపాయం జరిగితే బీమా కంపెనీ మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ పట్టుకుని, పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పాడని వాదిస్తుంది. ఇలాంటి కేసుల్లో ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునళ్లు చాలాసార్లు ఇచ్చే ఆదేశం ఒకటుంది: బాధితులకు ముందు కంపెనీ చెల్లించాలి, ఆ డబ్బు తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి. బాధిత కుటుంబానికి అది న్యాయమే. యజమాని మాత్రం మునుగుతాడు. ఆ వసూలు నోటీసు పట్టుకుని, ఊళ్లో ఉన్న రెండెకరాలు పోతాయేమోనని మా ఆఫీసు మెట్లెక్కినవాళ్లను చూశాను. వాళ్లలో చాలామంది బీమా ఉందనే ధీమాతోనే బండి నడిపారు.

మూడింతలన్న మాట నిజమే, లెక్క నేనే చెబుతాను. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ సొంత కారుకు థర్డ్ పార్టీ (మన బండివల్ల నష్టపోయిన బయటివాళ్ల కోసం కట్టే బీమా) ప్రీమియం 3,416 రూపాయలు. అదే ట్యాక్సీకి 7,940, దానిమీద ఒక్కో ప్రయాణికుడికి 978. నలుగురికి కలిపితే 11,852 అవుతుంది, పన్ను అదనం. తేడా ఏడాదికి ఎనిమిదిన్నర వేల లోపు. పర్మిట్, ఫిట్‌నెస్ తీసుకునేటప్పుడే పాలసీని ట్యాక్సీ కిందికి మార్పించుకో. సెకండ్ హ్యాండు బండి అంటున్నావు కదా, పాలసీ నీ పేరు మీదికి మారిందా? అమ్మకం జరిగిన 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. ఆ మాట నీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు.

ఇక యాప్ కంపెనీ ఇచ్చే 5 లక్షలు. కేంద్రం 2020 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రతి డ్రైవరుకూ కనీసం 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్ బీమా (డ్రైవరు చనిపోతే కుటుంబానికి వచ్చేది) కంపెనీయే చేయించాలని ఉంది. 2025 మార్గదర్శకాల్లోనూ ఈ మాట ఉంది. అయితే 93వ సెక్షన్ ప్రకారం యాప్ కంపెనీకి లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం, మార్గదర్శకాలను అది పాటించవచ్చు అని మాత్రమే చట్టం అంటుంది. కాబట్టి యాప్‌లో కనిపించే బొమ్మను నమ్ముకోకుండా పాలసీ నంబరు, అది ఏ వేళల్లో వర్తిస్తుందో రాసిన కాగితం అడిగి తీసుకో. ట్రిప్పు నడుస్తున్నప్పుడే వర్తించే బీమా అయితే, ఖాళీగా జడ్చర్లకు తిరిగొచ్చే దారిలో నీకు పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ బీమా నీ ఒంటికి సంబంధించింది. నీ కారు కింద పడ్డవాడికి అది పైసా ఇవ్వదు. దానికి 146వ సెక్షన్ కింద బండికే పాలసీ ఉండాలి.

బావమరిది విషయం మరీ చిక్కు. నీ పాలసీలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానిగా నడిపే నీకే, అదీ నీకు చెల్లే లైసెన్సు ఉంటేనే. జీతం తీసుకునే డ్రైవరు కోసం 50 రూపాయలు అదనంగా కట్టి ఒక రక్షణ చేర్చుకోవచ్చు. చాలామంది ఏజెంట్లు దాని ఊసెత్తరు. జీతమిచ్చినట్టు బ్యాంకు ద్వారా ఆధారం ఉండేలా చూసుకో. బండి అడిగి తీసుకుని నడిపినవాడు యజమాని స్థానంలో ఉన్నట్టేనని, అంటే బయటివాడిగా పరిహారం అడగలేడని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. బావమరిదే కదా అని లెక్క రాయకుండా వదిలేస్తే, రేపు అతనికేమైనా జరిగి అతని భార్య కోర్టుకు వెళ్లినా ఆమెకు దక్కేది తక్కువే. లైసెన్సు గురించి మాత్రం కంగారు వద్దు. తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో చదువుతోంది. కాలేజీకి బైక్ ట్యాక్సీలో వెళుతుంది. ఏదైనా జరిగితే పరిహారం ఎవరిస్తారు?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ఎదుటి వాహనానిది తప్పయితే దాని బీమా కంపెనీ మీద కేసు వేసుకోవచ్చు. బైకు నడిపినవాడిదే తప్పయితే నంబరు ప్లేటు చూడాలి. ఎల్లో ప్లేటు, పర్మిట్ ఉంటే వెనక కూర్చున్న ప్రయాణికురాలికి చట్టం రక్షణ ఇస్తుంది. వైట్ ప్లేటు బైకుకు ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ ఉంటే వెనక కూర్చున్నవారికి అది వర్తించదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. పూర్తి పాలసీ ఉన్నా, కిరాయికి వాడాడనే అభ్యంతరం కాచుకుని ఉంటుంది. ఎక్కేముందు బండి నంబరును ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూస్తే బీమా గడువు తెలిసిపోతుంది. ట్రిప్పు వివరాల స్క్రీన్‌షాట్ మీకు పంపమనండి.

ప్రశ్న: ఐదు సీట్ల ట్యాక్సీలో నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు ఏడుగురిని ఎక్కిస్తే బీమా మొత్తం రద్దయినట్టేనా?
– ఒక యజమాని, నల్లగొండ

జవాబు: రద్దు కాదు. పర్మిట్‌లో ఎంతమందికి అనుమతి ఉందో అంతమంది లెక్కనే బీమా కంపెనీ చెల్లిస్తుంది. ఆ మొత్తాన్ని అందరికీ పంచుతారు, తగ్గిన సొమ్ము మీరు కట్టాలి. నార్కట్‌పల్లి దాటేలోపు అదనంగా ఎక్కించినవాళ్ల దగ్గర ఎంత తీసుకుంటున్నారో మీకే తెలుసు.