మూడూ నార్మల్ అయితే కలిపిన 1.2 అబ్నార్మల్ ఎలా అవుతుంది?

మీ అమ్మగారి నరాల టెస్టులో మూడు అంకెలూ విడివిడిగా నార్మలే, కింద కలిపిన 1.2 పక్కన మాత్రం అబ్నార్మల్ అని రాశారు, ఇది ల్యాబ్ వాళ్ల పొరపాటా అని అడిగారు. పొరపాటు కాదండీ. గుంటూరు కొత్తపేటలో ఒక న్యూరో క్లినిక్‌లో ఈ టెస్టులు చేసేది నేనే. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు.

వేళ్ల తిమ్మిరికి మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుపోవడం కారణమా అని చూడటానికి, దాన్ని పక్క నరంతో పోలుస్తాం. ఉంగరపు వేలికి మీడియన్, దాని పక్కనుండే అల్నార్ నరం రెండూ వస్తాయి. ఒకే దూరం నుంచి చిన్న షాక్ ఇస్తే రెండింటి సంకేతాలూ దాదాపు ఒకేసారి చేరాలి. మీడియన్ ఎంత ఆలస్యమైతే అంత తేడా. బొటనవేలి దగ్గర రేడియల్ అనే ఇంకో నరంతో, అరచేతిలో మళ్లీ అల్నార్‌తో ఇలాగే చూస్తాం. ఒకే చెయ్యి కాబట్టి వయసు, చలి లాంటివి చాలావరకు కొట్టుకుపోతాయి.

అరచేతికి 0.3, ఉంగరపు వేలికి 0.4, బొటనవేలికి 0.5 మిల్లీసెకన్ల దాకా తేడా మామూలే అంటాం. మీ అమ్మగారివి సరిగ్గా అవే. ఒక్కటీ గీత దాటలేదు, కానీ మూడూ గీత మీదే ఉన్నాయి, మూడింట్లోనూ మీడియనే వెనకబడింది. ఆ సంగతి పట్టుకోవడానికే ఈ కూడిక. కంబైన్డ్ సెన్సరీ ఇండెక్స్ అంటారు. రాబిన్సన్, ఆయన సహచరులు 1998లో ప్రచురించారు. 1.0 గానీ అంతకు మించి గానీ వస్తే అబ్నార్మల్ కిందే లెక్క.

కూడకుండా, మూడింట్లో ఏ ఒక్కటి దాటినా జబ్బే అనుకుంటే ఇంకో చిక్కుంది. ఒక్కో టెస్టు బాగున్నవాళ్లలో నూటికి ఐదుగురిని ఊరికే అనుమానిస్తుందనుకోండి. మూడూ వేటికవి విడిగా పొరబడితే, నూటికి దాదాపు 14 మందికి లేని జబ్బు అంటగట్టినట్టే.

అలాగని కూడికను గుడ్డిగా నమ్మను. మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లే ఒకామె వచ్చారు, మొత్తం సరిగ్గా 1.0 వచ్చింది. డాక్టరుగారు మళ్లీ కొలవమన్నారు. చూస్తే ఉంగరపు వేలి టెస్టుకు మీడియన్ మీద నేను పెన్నుతో పెట్టిన చుక్క 14 సెంటీమీటర్లకు బదులు 14.5 దగ్గర ఉంది. వేలు కాస్త వంగి ఉంటే టేపు సరిగా పట్టలేదు, తప్పు నాదే. నరంలో సంకేతం సెకనుకు సుమారు 50 మీటర్లు పోతుంది, అంటే అర సెంటీమీటరుకు 0.1 మిల్లీసెకను. ‘మళ్లీ షాకా బాబూ!’ అంటూనే ఆమె చెయ్యి చాపారు. 0.9 వచ్చింది.

అందుకే 1.0 దగ్గర ఊగిసలాడే అంకెలకు రెండోసారి కొలుస్తాను. మీది 1.2, కాస్త దూరమే. అయితే నొప్పి ఎంత, ఆపరేషన్ కావాలా అనేది ఈ అంకె చెప్పదు, దానికి డాక్టరు చెయ్యి చూడాల్సిందే. అమ్మగారికి షుగరుంటే ముందే చెప్పండి. షుగరు వల్ల పక్క నరాలు కూడా నెమ్మదిస్తే ఈ పోలికే తేడా కొడుతుంది. మళ్లీ టెస్టుకు వెళ్తే ఆ పూట చేతులకు కొబ్బరినూనె రాయకండి, ఎలక్ట్రోడ్ అంటుకోక జారిపోతుంది.