శుక్రవారం కూడిక ఆపేస్తే తప్పా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. పంతొమ్మిదేళ్లుగా శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతోంది. ఒకప్పుడు వరండా దాకా చాపలు పరిచేవాళ్లం. ఇప్పుడు నేనూ, మా ఆడపడుచూ మాత్రమే. అయినా ఫ్లాస్కు నిండా టీ కాస్తూనే ఉన్నాను. మోకాళ్ల నొప్పులు. ఆపేస్తే దేవుడికి మాట తప్పినట్టేనా అని టెన్షన్.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు నా సంగతి చెబుతాను. మా నాన్నగారి హార్మోనియం తిత్తి చిరిగి ఏళ్లయినా, ప్రతి ఆదివారం దుమ్ము తుడిచి గుడ్డ కప్పేవాణ్ణి. "దాన్ని వాయిస్తారా, పూజిస్తారా?" అంది మా ఆవిడ. కోపం వచ్చింది గానీ, మాట తగిలింది.

బైబిల్లో రెండవ రాజులు గ్రంథం 18:4 తీసి చూడండి. పాము కాటు తిన్నవాళ్లు చూసి బతకాలని మోషే ఇత్తడి సర్పాన్ని చేశాడు. చేయమన్నది దేవుడే. వందల ఏళ్ల తర్వాత జనం దానికే ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు ముక్కలు చేసేశాడు. అయినా అది ప్రాణాలు కాపాడిన సంగతి సంఖ్యాకాండం 21లో అలాగే ఉంది, ఎవరూ చెరపలేదు. మీ పంతొమ్మిదేళ్లూ అంతే.

మీ కూడిక విగ్రహమని అనడం లేదు సుమా! ఇద్దరు చేసినా ప్రార్థన ప్రార్థనే, అది మానక్కర్లేదు. మానాల్సింది ఆ ఫ్లాస్కు టీ, గుమ్మం వైపు చూపులు, రానివాళ్ల మీద అలక. పాతవాళ్లందరినీ ఒక్క శుక్రవారం పిలిచి, కృతజ్ఞత చెప్పి ముగించండి. చాపలు చర్చికి ఇచ్చేయండి. ఆ తర్వాత మీరిద్దరూ కుర్చీల్లో కూర్చునే ప్రార్థించుకోండి.

హార్మోనియమా? మా వీధి కుర్రాడు పట్టుకెళ్లాడు. రీడ్లు పనికొస్తాయన్నాడు.