4 యావరేజీలా, 100 యావరేజీలా? వైబ్రేషన్ ఉద్యోగానికి ఏం నేర్చుకోవాలి

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. వైబ్రేషన్ అనలిస్టు (యంత్రాల కంపనాలు కొలిచి లోపాలు పట్టే) ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళితే, ‘యావరేజీలు (సగటు తీసే కొలతలు) 4 నుంచి 100కు పెంచితే నాయిస్ తగ్గుతుందా?’ అని అడిగారు. తగ్గుతుందన్నాను. తప్పన్నారు. ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి?

జవాబు: ఏ రకం యావరేజింగ్ అని మీరు తిరిగి అడగలేదు. తప్పు అక్కడే జరిగింది.

డేటా కలెక్టర్లలో (కంపనాలు కొలిచి నమోదు చేసే పరికరాల్లో) మామూలుగా వాడేది ఆర్‌ఎంఎస్ యావరేజింగ్. ఇందులో సగటు చేసేది స్పెక్ట్రమ్‌ల (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత కంపనం ఉందో చూపే గ్రాఫుల) పవర్‌ను. పవర్‌కు ఫేజ్ (అల ఏ దశలో ఉందన్న సమాచారం) ఉండదు, మైనస్ గుర్తూ ఉండదు. అందుకే నాయిస్ తనను తాను కొట్టేసుకోదు. నాయిస్ ఫ్లోర్ (గ్రాఫు అడుగున పరచుకున్న నాయిస్) ఎత్తు ఉన్నచోటే ఉంటుంది, దాని మీది ఎగుడుదిగుళ్లు మాత్రం సర్దుకుంటాయి. రోజువారీ కొలతలకు 4 నుంచి 8 యావరేజీలు చాలు. 1000 హెర్ట్జ్ వరకు 1600 లైన్లు (గ్రాఫులోని ఫ్రీక్వెన్సీ గీతలు) పెడితే ఒక్క బ్లాకుకు (ఒక కొలతకు కావాల్సిన సిగ్నల్ ముక్కకు) 1.6 సెకన్లు పడుతుంది. 50 శాతం ఓవర్‌ల్యాప్‌తో (ప్రతి బ్లాకూ ముందుదానిలో సగాన్ని మళ్లీ వాడుకుంటే) 4 యావరేజీలు 4 సెకన్లలో అయిపోతాయి, 100కు 80 సెకన్లు దాటుతుంది. ఈలోగా లోడ్ మారితే రెండు స్థితులను కలిపి సగటు చేసినట్టే.

నాయిస్‌ను నిజంగా దించేది టైమ్ సింక్రనస్ యావరేజింగ్. షాఫ్టుకు రిఫ్లెక్టివ్ టేపు అతికించి, లేజర్ టాకోమీటర్‌తో చుట్టుకొక పల్స్ తీసుకుంటారు. ప్రతి చుట్టునూ ఒకే కోణం దగ్గర మొదలుపెట్టి వేవ్‌ఫామ్‌లను కూడి, చుట్ల సంఖ్యతో భాగిస్తారు. యాదృచ్ఛిక నాయిస్ ఆ సంఖ్య వర్గమూలం మేరకు తగ్గుతుంది: 100 చుట్లకు పదో వంతు, అంటే 20 డెసిబెల్స్. వేగం కాస్త అటూ ఇటూ అయ్యే యంత్రంలో చుట్టుకు సమాన సంఖ్యలో శాంపిళ్లు వచ్చేలా ముందే రీశాంపిల్ చేయాలి. లేకపోతే పై హార్మోనిక్‌లు (షాఫ్టు వేగానికి పూర్ణాంక రెట్లలో ఉండే ఫ్రీక్వెన్సీలు), ముఖ్యంగా గేర్ మెష్ (గేర్ల పళ్లు కలిసే ఫ్రీక్వెన్సీ), చెరిగిపోతాయి.

ఈ వర్గమూలం లెక్కను అన్నిటికీ వాడేయకండి. 50 హెర్ట్జ్ సరఫరా మీద రెండు పోల్‌ల మోటారు 2980 ఆర్‌పీఎమ్‌తో తిరుగుతోందనుకోండి. షాఫ్టు వేగానికి రెట్టింపు 99.33 హెర్ట్జ్, విద్యుత్ వల్ల వచ్చే కంపనం సరఫరాకు రెట్టింపు, 100 హెర్ట్జ్. వరుసగా 10 చుట్లు సగటు చేసినా ఆ 100 హెర్ట్జ్ దాదాపు 97 శాతం మిగిలే ఉంటుంది. రెండూ విడిపోవాలంటే సుమారు 1.5 సెకన్లు, అంటే 75 చుట్లు కావాలి. పక్కపక్కనే ఉన్న స్థిరమైన స్వరాలను విడదీసేది మొత్తం కాలవ్యవధి.

ఇంటర్వ్యూల్లో దీని తర్వాత బేరింగ్ ప్రశ్న రావచ్చు. బేరింగ్ లోపాల ఫ్రీక్వెన్సీలు షాఫ్టు వేగానికి పూర్ణాంక రెట్లు కావు. అందువల్ల సింక్రనస్ యావరేజింగ్ వాటిని నాయిస్‌తో పాటే తుడిచేస్తుంది. పాడైన బేరింగ్ శుభ్రంగా కనిపిస్తుంది, ఇంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు ఈ పనిలో అరుదు. బేరింగ్‌కు ఆర్‌ఎంఎస్ యావరేజింగ్, గేర్‌లో విరిగిన పన్ను వెతకడానికి ఆ గేర్ ఉన్న షాఫ్టు పల్స్‌తో సింక్రనస్, యంత్రం వేగం పుంజుకునేటప్పుడు పీక్ హోల్డ్ (ప్రతి ఫ్రీక్వెన్సీలో వచ్చిన అత్యధిక విలువను నిలిపి ఉంచడం) వాడాలి.

ఇవన్నీ చదివి వదిలేయకుండా పైథాన్‌లో మీరే చేసి చూడండి. శాంప్లింగ్ 12,800 హెర్ట్జ్, షాఫ్టు 25 హెర్ట్జ్ అనుకుంటే చుట్టుకు సరిగ్గా 512 శాంపిళ్లు. 0.1 ఆంప్లిట్యూడ్‌తో 25 హెర్ట్జ్ సైన్, అంతే ఆంప్లిట్యూడ్‌తో 89.5 హెర్ట్జ్ (3.58 రెట్లు, బేరింగ్ అనుకోండి), 1 ఆర్‌ఎంఎస్ నాయిస్ కలపండి. 100 చుట్లు సగటు చేస్తే 25 తేలుతుంది, 89.5 మాయమవుతుంది. అదే సిగ్నల్‌ను రెండేసి సెకన్ల బ్లాకులు పదింటితో పవర్ యావరేజ్ చేయండి, రెండు శిఖరాలూ కనిపిస్తాయి. హానింగ్ విండో (బ్లాకు రెండు చివరలనూ నెమ్మదిగా సున్నాకు దించే గుణకం) మరవద్దు. ఆ రెండు గ్రాఫులనూ తర్వాతి ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి.

ఈ రంగంలో గుర్తింపు ఉన్న సర్టిఫికేషన్ ఐఎస్‌ఓ 18436-2 ప్రకారం ఇచ్చేది, నాలుగు కేటగిరీలు. మొదటిదానికే 6 నెలల అనుభవం కావాలి, రెండోదానికి 18 నెలలు. కాబట్టి సర్టిఫికెట్ వచ్చాక ఉద్యోగం వెతుకుదామని ఆగకండి, కండిషన్ మానిటరింగ్ ట్రైనీ పోస్టులకు ఇప్పుడే దరఖాస్తు చేయండి.