చాక్‌లైన్ రీలు: ఏది కొనాలి, గీత ఎలా కొట్టాలి?

శ్రీకాకుళంలో కట్టిస్తున్న ఇంటి స్లాబుపై గోడల గీతలకు ఎలాంటి చాక్‌లైన్ రీలు కొనాలని మీరు అడిగారు. చాక్‌లైన్ రీలు అంటే రంగు పొడి నింపిన డబ్బాలో చుట్టి ఉండే దారం; దాన్ని బిగించి వదిలితే పొడి అంటి తిన్నని గీత పడుతుంది. 30 మీటర్ల దారం ఉండి, త్వరగా చుట్టుకునే గేరు రీలు అయితే చాలు. అసలు జాగ్రత్త రంగు విషయంలోనే ఉండాలి: నీలం పొడి తుడిస్తే పోతుంది గాని ఎరుపు మరక సులభంగా వదలదు కనుక, పైకి కనబడే చోట నీలమే వాడాలి.

దారాన్ని రెండు గుర్తుల మధ్య గట్టిగా బిగించి, తలానికి నిటారుగా పైకెత్తి ఒక్కసారే వదలాలి. పక్కకు లాగితే గీత వంకరపోతుంది, మళ్లీ కొడితే జంట గీతలు పడతాయి. పొడవు ఎక్కువైతే మధ్యలో వేలితో అదిమి, ఇరువైపులా విడివిడిగా కొట్టాలి. తడి నేలపై గీత సరిగా పడదు. తీరప్రాంతపు తేమకు డబ్బాలోని పొడి కూడా గడ్డకట్టవచ్చు. పునాది తవ్వకానికి మాత్రం మేస్త్రి పోసే ముగ్గే మేలు.