ఎక్స్‌రేలో కనబడలేదంటే ముల్లు లేనట్టు కాదండి

నాన్నగారి అరికాల్లో తుమ్మ ముల్లు విరిగింది, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, అయినా సలుపు తగ్గట్లేదు అని రాశారు కదా. ఎక్స్‌రే తప్పు చూపలేదండి, దానికి ఆ ముల్లు ఆనదు, అంతే.

ఎక్స్‌రేని ఆపేది వస్తువు గట్టిదనం కాదు. అందులోని పరమాణువులు, సాంద్రత, మందం. పరమాణు సంఖ్య, అంటే ఒక్కో పరమాణువులోని ప్రోటాన్ల లెక్క, పెరిగితే ఆపే శక్తి సుమారుగా దాని ఘనం లెక్కన పెరుగుతుంది, అంటే సంఖ్య రెట్టింపైతే శక్తి ఎనిమిదింతలు. ముల్లులో ఉన్నది ప్రధానంగా కార్బన్ (ఆ సంఖ్య 6), ఆక్సిజన్ (8), హైడ్రోజన్ (1). చుట్టూ ఉన్న కండలోనూ అవే. పాలల్లో నీళ్లచుక్కని వెతికినట్టు ఉంటుంది. ఎముకలో కాల్షియం 20 కాబట్టి తెల్లగా పడుతుంది. సీసం ఏకంగా 82, ఎక్స్‌రే గదిలో వాళ్లు తొడుక్కునే బరువైన ఏప్రాన్ అందుకే. అదే గాజు పెంకయితే చాలావరకు దొరికిపోయేది. కంటికి పారదర్శకం కాబట్టి ఎక్స్‌రేకీ కనబడదనుకుంటారు చాలామంది, కానీ గాజు సాంద్రత కండకి రెండింతల పైనే.

డాక్టరుగారిని ఆ చోట అల్ట్రాసౌండ్ తీయించమని అడగండి. అది ప్రతిధ్వని మీద నడుస్తుంది, ముల్లు సాధారణంగా తెల్లటి గీతలా, కింద నీడతో కనబడుతుంది. టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా కనుక్కోండి. ఇంట్లో పిన్నీసుతో మాత్రం గెలకొద్దు. ఆయనకి షుగర్ ఉంటే ఇవాళే తీసుకెళ్లండి.